భయము ముందు, భూతము వెనుక: 'ది ఇన్నొసెంట్స్' చలనచిత్రమున కథనదృష్టి

నవల చలనచిత్రముగా మారినపుడు ఏమి జరుగును అను ప్రశ్నకు మన పరిశోధనలలో తఱచుగా లభించు సమాధానము ఒక పట్టిక. నవలలో నుండి చిత్రములో లేనివి ఒకవైపు, చిత్రములో నుండి నవలలో లేనివి మఱియొకవైపు. పాత్రల పేరులు మారెనా, ముగింపు మారెనా, ఏ సన్నివేశము తొలగెను, ఏ పాట చేరెను అను వివరములు సేకరించుటకు శ్రమ కావలయును. ఆ శ్రమ వ్యర్థమని చెప్పరాదు. కాని పట్టిక పూర్తియైన తరువాత మూలకృతి తత్త్వము చిత్రములో నిలిచినదా లేదా అను ప్రశ్న అట్లే మిగిలిపోవుచున్నది. కారణము స్పష్టమే. కథలోని సంగతులు రెండు మాధ్యమములకును సమానములు కావచ్చును. ఆ సంగతులను మనకు తెలుపు సాక్షి మాత్రము రెండింటను ఒకడు కాడు. నవలలో మాట సాక్షి. చిత్రములో కెమెరా సాక్షి. సాక్షి మారినపుడు సాక్ష్యపు విలువ ఎట్లు మారునో పరిశీలింపక, చెప్పబడిన సంగతులను మాత్రమే సరిపోల్చుట అసమగ్రము.

ఈ విషయమును పరీక్షించుటకు మనస్తత్త్వప్రధానములగు భయకథలు మిక్కిలి అనుకూలములు. వానిలో జరిగినదేమి అను ప్రశ్నకును, చూచినవారెవరు అను ప్రశ్నకును విడదీయరాని సంబంధ ముండును. అందువలన ఈ వ్యాసమున 1961లో విడుదలయైన 'ది ఇన్నొసెంట్స్' అను బ్రిటిష్ చిత్రమును పరిశీలింప దలచితిని. దీనికి మూలము హెన్రీ జేమ్స్ రచించిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' అను నవలిక. అది 1898లో మొదట వారపత్రికలో ధారావాహికముగను, పిదప అదే సంవత్సరమున పుస్తకముగను వెలువడినది. విలియం ఆర్చిబాల్డ్ దీనిని నాటకముగా మలచగా 1950లో న్యూయార్కున ప్రదర్శింపబడెను. చిత్రము పేరు ఆ నాటకపు పేరే. ఆర్చిబాల్డ్, ట్రూమన్ కపోటి చిత్రానువాదమును వ్రాసిరి. జాన్ మార్టిమర్ కొన్ని సంభాషణలు సమకూర్చెను. దర్శకుడు జాక్ క్లేటన్. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. ప్రధానపాత్రధారిణి డెబోరా కెర్.

కథ సంగ్రహముగా నిది. లండను నగరమున నున్న ఒక ధనికుడు, తలిదండ్రులు లేని తన అన్నదమ్ముని బిడ్డల నిద్దఱను పల్లెటూరి భవనమున నుంచి, వారిని పెంచి చదువు చెప్పుట కొక యువతిని నియమించును. ఎట్టి పరిస్థితిలోను తనకు బాధ కలిగింపరాదనునది అతని నియమము. ఆ పిల్లల తలిదండ్రులు ఇండియాలో మరణించిరని జేమ్స్ నవలికలో నున్నది. మన దేశమున జరిగిన ఆ మరణములే ఆ భవనమును పెద్దదిక్కు లేని యిల్లుగా చేసినవి. ఉపాధ్యాయినికి నవలికలో పేరు లేదు. చిత్రము ఆమెను మిస్ గిడెన్స్ అని పిలిచినది. బాలుడు మైల్స్ పాఠశాలనుండి తొలగింపబడి యింటికి వచ్చును. బాలిక ఫ్లోరా. ఇంటి పనులు చూచు పెద్దామె మిసెస్ గ్రోస్. కొంతకాలమునకు ఉపాధ్యాయినికి భవనపు బురుజుపై ఒక పురుషుడును, కొలని ఆవలి గట్టున నల్లని దుస్తులలో ఒక స్త్రీయు కనబడుదురు. వారు లోగడ మరణించిన సేవకుడు పీటర్ క్వింట్, పూర్వపు ఉపాధ్యాయిని మిస్ జెస్సెల్ అని ఆమె నిశ్చయించుకొనును. ఆ ప్రేతములు పిల్లలను ఆవేశింప చూచుచున్నవనియు, పిల్లలకా విషయము తెలిసియు దాచుచున్నారనియు ఆమె నమ్మకము. పిల్లలచేత నిజము చెప్పించిననే వారికి విముక్తి యని ఆమె తలంచును. ఆ ప్రయత్నమున ఫ్లోరా జబ్బుపడి యిల్లు విడుచును. మైల్స్ ఆమె చేతులలోనే ప్రాణము విడుచును.

ప్రేతములు నిజముగా నున్నవా, లేక ఉపాధ్యాయిని మనస్సులో పుట్టినవా అనునది ఈ కృతిని గూర్చిన ప్రసిద్ధవివాదము. 1924లో ఎడ్నా కెంటన్ అను విమర్శకురాలు ప్రేతముల సత్యత్వమును శంకించెను. 1934లో ఎడ్మండ్ విల్సన్ ఫ్రాయిడ్ సిద్ధాంతము నాధారముగా గొని, అణచుకొన్న కామము ఉపాధ్యాయినికి ప్రేతరూపమున కనబడినదని వాదించెను. పిమ్మట పండితులు రెండు పక్షములుగా చీలిరి. ఇచట మన సంప్రదాయమునుండి ఒక మాట చెప్పవలసియున్నది. భయమను స్థాయిభావము స్త్రీలకును నీచప్రకృతులకును చెందునదని భరతుని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. స్త్రీ భయపడిన, భయహేతువు ఆమె ప్రకృతిలోనే యున్నదను అభిప్రాయము ప్రాచీనము. అవివాహిత గనుక ఆమె దర్శనము రోగమని నిర్ణయించిన ఆధునిక విమర్శ, పరిభాష మార్చుకొన్నదే కాని ఆ అభిప్రాయమును పూర్తిగా విడిచినట్లు తోచదు. ఆమె చెప్పిన దసత్యము కావచ్చును. కాని అసత్యమనుటకు ఆమె స్త్రీత్వము హేతువు కాజాలదు. సాక్ష్యమును సాక్ష్యముగనే పరీక్షింపవలయును.

పరీక్షకు మన అలంకారశాస్త్రములోని రెండు పదములు ఉపకరించును. అవి సందేహము, భ్రాంతి. కువలయానందమున స్మృతి, భ్రాంతి, సందేహములను అప్పయ్య దీక్షితులు ఒక్కచోటనే చెప్పుట విద్యార్థులెఱిగినదే. శాస్త్రరీత్యా ఆ అలంకారములు సాదృశ్యమూలకములు. ప్రేతకథలో ఉపమానోపమేయములు లేవు గనుక ఇచట అలంకారమున్నదని నేను చెప్పుటలేదు. ఆ జ్ఞానస్థితుల భేదమును మాత్రము గ్రహించుచున్నాను. ఇదియా, అదియా అని మనస్సు రెండు కోటులమధ్య ఊగుట సందేహము. ఒకదానిని మఱియొకదానిగా నిశ్చయించుకొనుట భ్రాంతి. సందేహములో నున్నవానికి తాను సందేహములో నున్నట్లు తెలియును. భ్రాంతిలో నున్నవానికి అది భ్రాంతి యని తెలియదు. దీపము తెచ్చి చూచిన తరువాతనే పాము త్రాడగును. అంతవఱకు అది పామే. అనకాపల్లిలో పట్టభద్రతరగతులకు ఈ భేదము బోధించునపుడెల్ల విద్యార్థులు అడుగు ప్రశ్న యొకటి కలదు: దీపము ఎప్పటికిని రాకపోయిన నేమగును? లక్షణగ్రంథములు ఈ ప్రశ్నను విస్తరింపలేదు. జేమ్స్ నవలిక యావత్తు ఈ ప్రశ్నపైననే నిలిచినది.

నవలికలో ఉపాధ్యాయినికి సందేహము లేదు. నిశ్చయమే యున్నది. సందేహము పాఠకునిది. దీనిని సాధించుటకు జేమ్స్ చేసిన యేర్పాటు గమనింపదగినది. క్రిస్మస్ పండుగదినములలో చలిమంటచుట్టు చేరిన మిత్రులకు డగ్లస్ అనునతడు ఒక వ్రాతప్రతి చదివి వినిపించును. ఆ ప్రతి ఉపాధ్యాయిని స్వయముగా వ్రాసినది. ఆమె అప్పటికే మరణించినది. డగ్లస్ కూడ మరణించిన పిదప మఱియొకడు దానిని మనకందించుచున్నాడు. సాక్షిని తిరిగి ప్రశ్నించుటకు అవకాశము లేదు. తక్కిన కథ యంతయు ఉత్తమపురుషలో నడచును. ఆమె చూచినది తప్ప మనము చూచున దేమియు లేదు. ఆమె మాటలను నమ్మకపోయినను, ఆమె మాటలనుండియే ఆ అపనమ్మకమునకు ఆధారము వెదకుకొనవలయును.

ఇట్టి కృతి దృశ్యమాధ్యమమునకు మారునపుడు పెద్దచిక్కు వచ్చును. రంగస్థలమున ప్రేతము నిలుచుటకు ఒక నటుడు కావలయును. నటుడు నిలిచిన వెంటనే ప్రేక్షకులందఱును ప్రేతమును చూచినవారగుదురు. 1954లో బెంజమిన్ బ్రిట్టెన్ ఈ నవలికను సంగీతరూపకముగా రచించినపుడు ప్రేతములకు పాటలే యిచ్చెను. పాడుచున్న ప్రేతమును లేదనుట కష్టము. చలనచిత్రమునకు చిక్కు ఇంకను హెచ్చు, కెమెరా చూపినది ఉన్నదనుకొనుట ప్రేక్షకుని అలవాటు గనుక. కెమెరా ప్రేతమును చూపెనా, విల్సన్ వాదము వీగిపోవును. చూపకుండెనా, ఉపాధ్యాయిని పిచ్చిదని మొదటి గడియలోనే తేలిపోవును. రెండువిధముల సందేహము నశించును. క్లేటన్ ఎదుర్కొన్న కష్టమిది.

ఈ కష్టమును అతడు తీర్చినవిధము నాట్యశాస్త్రపరిభాషలో చెప్పిన మిక్కిలి స్పష్టమగును. రసనిష్పత్తికి విభావము కారణము. అనుభావము కార్యము. భయానకమునకు వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కలు గుడ్లగూబలు కూయుట, శూన్యగృహము మున్నగునవి విభావములు. కరచరణముల వణుకు, ముఖము వెలవెలబోవుట, స్వరభేదము మున్నగునవి అనుభావములు. ముందు కారణము, వెనుక కార్యము అనునది లోకక్రమము. సామాన్యమైన భయచిత్రములలో కూడ ఈ క్రమమే యుండును. తలుపు తెఱచుకొనును, భూతము కనబడును, నాయిక కేకవేయును. ప్రేక్షకుడు భూతమును నాయికతోపాటుగనో, అంతకంటె ముందుగనో చూచును. క్లేటన్ ముఖ్యదర్శనములలో ఈ క్రమమును తలక్రిందు చేసెను. ముందు ఉపాధ్యాయిని ముఖము. దానిపై భయము. అటుపిమ్మట ఆమె చూచుచున్నది. అనగా అనుభావము ముందు, విభావము వెనుక.

ఈ క్రమభంగము కేవలము కూర్పులోని చమత్కారము కాదు. కార్యమును ముందుగా చూచిన ప్రేక్షకుడు కారణమును ఊహించుకొనును. పొగను చూచి నిప్పును ఊహించినట్లు ఆమె ముఖమును చూచి భూతమును ఊహించును. తరువాత తెరపై కనబడు ఆకృతి ఆ ఊహకు ఫలమా, లేక స్వతంత్రముగ నున్న వస్తువా అని తేల్చుకొనుట అతనికి సాధ్యము కాదు. అతడు ప్రత్యక్షమనుకొన్నది అనుమానప్రమాణముతో ముందే కలుషితమైనది. భూతము చూపబడినది, కాని నిరూపింపబడలేదు. ఉత్తమపురుష కథనము నవలికలో చేసినపనిని, దృశ్యముల వరుస ఇచట చేసినది. పట్టిక వేయు పరిశోధకునికి ఈ సామ్యము కనబడదు. నవలికలో బురుజు కలదు, చిత్రములోను కలదు అని వ్రాసికొని అతడు ముందునకు సాగిపోవును.

బురుజు సన్నివేశమునే దృష్టాంతముగా తీసికొందము. మిస్ గిడెన్స్ తోటలో గులాబీలు కోయుచుండును. పక్షుల కూతలు, కీటకముల రొద వినవచ్చుచుండును. పొదల చాటున నున్న శిలాప్రతిమ నోటినుండి ఒక పురుగు వెలుపలికి ప్రాకును. ఉన్నట్టుండి ధ్వనులన్నియు ఆగిపోవును. ఆమె తలయెత్తి చూచును. సూర్యకాంతి కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండ బురుజుపై ఒక ఆకృతి లీలగా తోచును. ధ్వని ఆగుట ఎవరి అనుభవము? లోకములో పక్షులు మౌనము వహించెనా, లేక ఆమె చెవులకు వినబడుట మానెనా? చిత్రము చెప్పదు. ఆమె బురుజెక్కి చూడగా అచట పావురములతో ఆడుకొనుచు మైల్స్ ఉండును. మఱెవ్వరును రాలేదని అతడు చెప్పును. ఈ బాలుని ఉనికి చిత్రము చేసిన కల్పన. ఆమె చూచినది మైల్స్‌నే కావచ్చునను మూడవ కోటి దీనివలన తెఱచుకొన్నది.

మఱి రెండు మార్పులు ఇంతకంటె ముఖ్యములు. ప్రేతములు సత్యములని వాదించువారికి నవలికలో బలమైన ఆధార మొకటి కలదు. ఉపాధ్యాయిని తాను చూచిన పురుషుని రూపమును మిసెస్ గ్రోస్‌కు వర్ణించును. ఆ వర్ణన విన్న పెద్దామె వెంటనే క్వింట్ పేరు చెప్పును. ఎన్నడును చూడని వ్యక్తిని ఉపాధ్యాయిని అంత సరిగా నెట్లు వర్ణింపగలిగెనని ఆ పక్షమువారి ప్రశ్న. చిత్రము ఈ ఆధారమును మెల్లగా సడలించినది. దాగుడుమూతల ఆటలో ఆమె అటకపైకి పోయినపుడు ఒక పాత సంగీతపేటిక దొరకును. దానిలో పగిలిన అద్దముక్రింద ఒక పురుషుని చిత్తరువుండును. కిటికీ అద్దము వెనుక క్వింట్ ముఖము కనబడుట ఆ తరువాతి సంగతి. ఆమె మిసెస్ గ్రోస్‌కు అతనిని వర్ణించుట ఇంకను తరువాతి సంగతి. అనగా వర్ణనకు ముందే ఆమె మనస్సులో ఒక ప్రతిబింబ మేర్పడియున్నది. భ్రాంతికి పూర్వసంస్కారము కావలయునని మన తార్కికులు చెప్పుదురు. పామును ఎన్నడును చూడనివానికి త్రాటియందు సర్పభ్రాంతి కలుగదు. ఆ సంస్కారమును చిత్రకర్తలు ఒక చిన్న చిత్తరువుతో సమకూర్చిరి.

ఒక పక్షమునుండి తీసికొన్న దానికి సాటిగా రెండవ పక్షమున కొకటి యిచ్చిరి. పాఠముల గదిలో బల్లచెంత కూర్చుండి విలపించుచున్న మిస్ జెస్సెల్ ఉపాధ్యాయినికి కనబడి మాయమగును. ఇంతవఱకు నవలికకును చిత్రమునకును సామ్యము కలదు. చిత్రములో ఆ తరువాత ఆమె బల్లచెంతకు పోయి చూడగా పలకపై ఒక కన్నీటిబొట్టు నిలిచియుండును. ఆమె దానిని వ్రేలితో తాకును. జేమ్స్ నవలికలో ఈ బొట్టు లేదు. భూతము కంటికి మాత్రమే గోచరించినంతకాలము అది మానసికమని చెప్పవచ్చును. తడి వ్రేలికంటినపుడు ఆ మాట చెప్పుట కష్టము. అయినను ఆ గదిలో ఆమె తప్ప వేఱెవ్వరును లేరు. ఆమెయు విలపింపదగిన స్థితిలోనే యున్నది. చిత్తరువు, కన్నీటిబొట్టు అను ఈ రెండు కల్పనలను వేఱువేఱుగా చూచిన, మూలమునకు చేర్చిన హంగులుగా కనబడును. కలిపి చూచిన, త్రాసు రెండు తట్టలను సమముగా నిలుపుటకు వేసిన తూనికరాళ్లని తెలియును. మూలకృతిలోని సంగతులను మార్చి, మూలకృతిలోని సందేహమును కాపాడుట అనువాదకళలో మిక్కిలి ఉన్నతమైన విధేయత.

దీపము మాట తిరిగి చూతము. అర్ధరాత్రమున కొవ్వొత్తుల దీపస్తంభము చేతబట్టి మిస్ గిడెన్స్ ఆ భవనపు నడవలలో తిరుగు ఘట్టము ఈ చిత్రమున ప్రసిద్ధము. త్రాడు త్రాడని తెలుపవలసిన దీపము ఆమె చేతిలోనే యున్నది. కాని ఆ వెలుగు ఆమెచుట్టు కొంతమేర మాత్రమే పరచుకొని, ఆవలి చీకటిని మఱింత దట్టముగా చూపుచున్నది. ఈ చిత్రమును తీసినది సినిమాస్కోప్ పద్ధతిలో. ఆ వెడల్పైన తెర అంతఃపురకథకు తగదని క్లేటన్ సంశయము. నిర్మాణసంస్థ ఆ పద్ధతియే కావలెనన్నది. అంతట ఫ్రాన్సిస్ తెర అంచులు నల్లబడునట్లు రంగు పూసిన ఫిల్టరులను తయారుచేసి వాడెను. విశాలమైన తెర యుండియు అందులో చూడదగిన భాగము కుంచించుకొనిపోయినది. చూపు చేరనిచోటు దృశ్యము లోపలనే యున్నది. ఆ అంచులలో ఏమున్నదో ఆమెకు తెలియదు, మనకును తెలియదు. ఒక సాంకేతిక నిర్బంధము కథనదృష్టికి ఇంతగా అనుకూలించిన సందర్భములు విరళములు.

చివరి ఘట్టమున మాత్రము క్లేటన్ తన క్రమమును విడిచినాడు. నవలికలో మైల్స్ మరణము ఇంటిలోపల జరుగును. చిత్రములో వాగ్వాదము మొక్కల గాజుగృహమున మొదలై, తోటలోని శిలాప్రతిమలమధ్య ముగియును. క్వింట్ పేరు చెప్పుమని ఆమె బాలుని నిర్బంధించును. అపుడు కెమెరా ఎత్తైనచోటికి పోయి, చాచిన ఒక చేతిమీదుగా వారిద్దఱను క్రిందికి చూచును. ఆ చేయి క్వింట్‌ది. ఈ దృశ్యము ఉపాధ్యాయిని కన్నులతో చూచినది కాదు, ప్రేతము దిక్కునుండి చూచినది. కావున చిత్రము తుదకు ప్రేతపక్షమునే చేరినదని కొందఱనవచ్చును. నాకట్లు తోచదు. ఆ ఘట్టమున ప్రేతము కదలదు, తాకదు. బాలుని భుజములు పట్టి కుదుపునది ఉపాధ్యాయిని చేతులే. చిత్రప్రారంభమున చీకటిలో ఒక బాలిక కంఠమున పాట వినవచ్చిన పిదప మనము మొదట చూచినవి ప్రార్థనకై కలిపిన రెండు చేతులు. పిల్లలను రక్షింపవలెనే కాని నాశనము చేయరాదను ఆవేదన అచట వినబడును. అంతమున తిరిగి అవే చేతులు. రక్షింపగోరినవియు, పట్టి కుదిపినవియు ఒకే చేతులని చెప్పుటయే ఆ ప్రతిమలమధ్య దృశ్యమునకు ఫలము. చాచిన చేయి చేసినపని ఏమియు లేదు.

మన చిత్రములతో పోల్చిన ఈ విశేషము ఇంకను తేటపడును. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణము' నవల ఆధారముగా ఆదుర్తి సుబ్బారావుగారు 'డాక్టర్ చక్రవర్తి' (1964) చిత్రమును తీసిరి. మనస్తత్త్వమును ప్రధానముగా గొన్న నవల తెలుగు తెరకెక్కిన సందర్భములలో అది గౌరవింపదగినది. దానికిని సందేహమే ప్రాణము. మరణించిన చెల్లెలిని మాధవియందు చూచుకొనుచున్న చక్రవర్తి వాత్సల్యమును తక్కినవారు అపార్థము చేసికొందురు. కాని ఆ సందేహము పాత్రలకు మాత్రమే. చక్రవర్తి నిర్దోషియని ప్రేక్షకునికి మొదటినుండియు తెలియును. దీపము ప్రేక్షకుని చేతిలో నుండును. అతడు చీకటిలోనున్న పాత్రలను చూచి జాలిపడును. ఈ యేర్పాటువలన కరుణము పండినది. 'ది ఇన్నొసెంట్స్' ప్రేక్షకునికి ఆ దీపము నియ్యలేదు. అందువలన అతడు పాత్రలపై జాలిపడుటతో తృప్తిపడజాలక, తన తీర్పునే శంకించుకొనవలసివచ్చును. రెండింటిలో నొకటి యెక్కువ, ఒకటి తక్కువ అని నా తాత్పర్యము కాదు. సందేహమెవరి దను ప్రశ్న వేయనిచో, రెండును అనుమానకథలే యని ఒకే వర్గమున చేర్చు ప్రమాదము కలదు.

భయము ముందు, భయహేతువు వెనుక అను క్రమము తెలుగు నవలకు క్రొత్త కాదు. అనకాపల్లి దాపుననున్న తుమ్మపాల స్వస్థలముగా గల రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు 'అల్పజీవి'లో ఈ క్రమమును చక్కగా నడపిరి. అందలి సుబ్బయ్య చిరుద్యోగి. అతడు పెద్దవారిని చూచి భయపడుటకు వారు ఏదో చేయనక్కఱలేదు. భయము అతనిలో ముందే సిద్ధముగా నుండును. ఎదుటబడినవాడు, కంట్రాక్టరు గవరయ్యయైనను మఱియొకడైనను, ఆ భయమునకు ఆకృతి నిచ్చును. ఇచట ప్రేతములు లేవు. ఋణము, ఉద్యోగము, లోకులు అను నిత్యవస్తువులే ప్రేతముల స్థానమున నిలిచినవి. జేమ్స్ నవలికలోని భయము శూన్యగృహమున పుట్టినది. శాస్త్రిగారి నవలలోని భయము జనసమ్మర్దముగల పట్టణమున పుట్టినది. అయినను చైతన్యస్రవంతిపద్ధతి నాశ్రయించిన ఆ నవలను తెర కెక్కింపదలచిన దర్శకునికి ఎదురగు చిక్కు క్లేటన్‌కు ఎదురైనదే. గవరయ్యను ముందు చూపిన, సుబ్బయ్య భయము న్యాయమైపోవును. సుబ్బయ్య ముఖమును ముందు చూపి, పిదప గవరయ్యను చూపిననే నవల నిలుచును. మన మనస్తత్త్వనవలలను దృశ్యమాధ్యమముతో జోడించి పరిశోధింపదలచిన విద్యార్థులకు ఇదియొక మార్గము.

ఇక విలువకట్టు ప్రశ్న. అర్థము తేలకపోవుట గుణమా, దోషమా? మమ్మటుడు కావ్యప్రకాశమున సందిగ్ధమును దోషములలో చెప్పెను. అంతేకాక, వాచ్యము ప్రధానమో వ్యంగ్యము ప్రధానమో తేలని కావ్యమును సందిగ్ధప్రాధాన్యమను పేర గుణీభూతవ్యంగ్యపు ఎనిమిది భేదములలో చేర్చెను. అనగా ధ్వనికావ్యముకంటె అది ఒక మెట్టు తక్కువ. ఈ చిత్రములో వాచ్యము ప్రేతకథ. వ్యంగ్యము మనోవ్యాధి. ఏది ప్రధానమో తేలదు గనుక మమ్మటుని లెక్కలో దీనికి రెండవస్థానమే దక్కును. ఈ తీర్పును తేలికగా త్రోసిపుచ్చరాదు. కవి తానే నిర్ణయించుకొనలేక వదలిన సందిగ్ధము లోపమే. కాని ఇచటి సందిగ్ధము చిత్తరువునకు కన్నీటిబొట్టును సరితూచి నిలిపినది. పైగా, ప్రేతమా మనోవ్యాధియా అను రెండు కోటులకును వెనుక సందిగ్ధము కాని అర్థమొకటి కలదు. ఏ పక్షము నిజమైనను ఒక బాలుడు మరణించెను. ఏ పక్షము నిజమైనను అతనిని ఆ స్థితికి నెట్టినది ఉపాధ్యాయిని నిశ్చయము. ప్రేతములుండిన, అవి ఆమె నిశ్చయమును ఉపయోగించుకొన్నవి. లేకుండిన, ఆ నిశ్చయమే ప్రేతమైనది. సందేహమును తాళలేని మనస్సు చేయగల హింస ఈ చిత్రపు ప్రధానవ్యంగ్యమని నా నిర్ణయము. ఆ వ్యంగ్యము నిస్సందిగ్ధము. వాచ్యము రెండుగా చీలినను దానిపై నిలిచిన ధ్వని చీలలేదు గనుక దీనిని ఉత్తమకావ్యముల వరుసనే ఉంచవచ్చును.

ఈ చిత్రమును గూర్చి వ్రాయు పరిశోధకుడు రెండు పక్షములలో నొకదానిని బలపఱచుటకై తొందరపడుట సహజము. సిద్ధాంతవ్యాసమునకు ఒక సిద్ధాంతము కావలయును గదా. కాని మైల్స్‌ను ఎదుట నిలుపుకొని పేరు చెప్పుమని గద్దించిన ఉపాధ్యాయిని చేసినపని యేమో ఒకసారి తలపోయవలయును. తాను ముందే నిర్ణయించుకొన్న సమాధానమును ఎదుటివాని నోట పలికింపవలెనని ఆమె పట్టుదల. బాలుడు తుదకు ఆ పేరు పలికెను. పలికినపుడు అతడు దూషించినది ప్రేతమునో, ఆమెనో నవలికలోను తెలియదు, చిత్రములోను తెలియదు. ఆమె కోరిన సమాధానము లభించినది, బాలుడు దక్కలేదు. పాఠ్యమును నమ్మి చదువుటకును, పాఠ్యముచేత ఒప్పించుటకును గల అంతరము ఇదియే. మన తరగతులలో కవిత్వమునకు గాని, నవలకు గాని, చిత్రమునకు గాని ఒకే ఒక తాత్పర్యమును వ్రాయించి మార్కులు వేయు అలవాటు మనకున్నది. ఆ అలవాటు గల ఉపాధ్యాయులము మిస్ గిడెన్స్‌ను పరాయిదానిగా చూచుటకు వీలులేదు.